మొదటి కంప్యూటర్ కూర్చుకుంటున్నారా? మీ ప్రశ్నలకు జవాబులు

సొంతంగా విడిభాగాలు ఎంచుకుని కంప్యూటర్ కట్టుకోవాలనుకునే పాఠకులు ఈ నెల పంపిన ప్రశ్నల్లో ఎక్కువ ప్రాసెసర్ గురించే. భాగాలన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై (ఎస్ఎంపీఎస్) ఊసు ఎత్తినవాళ్ళు తక్కువ. షాపు నుంచి తెచ్చాక ఏడిపించేది మాత్రం ఎక్కువసార్లు అదే. అందుకే కొన్ని జవాబుల్లో అడగని సంగతులు కూడా చేర్చాం.

ప్ర: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మొదటి ఏడాదిలో చేరింది. కోడింగ్, ఆండ్రాయిడ్ స్టూడియో, ఆన్‌లైన్ పాఠాలు, అప్పుడప్పుడు సినిమా. ఒక షాపులో ‘ఐ7 మెషీన్’ చవగ్గా ఇస్తామంటున్నారు. ఇంకో షాపులో గ్రాఫిక్స్ కార్డు లేకపోతే కోడింగ్ నడవదంటున్నారు. ఏం కొనమంటారు?
– గృహిణి, ఖమ్మం

జ: రెండు షాపుల మాటా పక్కన పెట్టండి. ఈ పనులకు విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్ లోపల ఉండే గ్రాఫిక్సే చాలు. ఇక ‘ఐ7’ అని ఊరికే అంటే ఏమీ తేలదు, వెనకున్న అంకెలు అడగాలి. ఐ7-4770 అంటే నాలుగో జనరేషన్, 2013 నాటి సరుకు. ఐ3-12100 అంటే పన్నెండో జనరేషన్. రెండింటికీ 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనులు). అయినా పనిలో ఈ ఐ3 ముందు ఆ ఐ7 నిలబడలేదు. పైగా విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలి, విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆఫీసుల్లో వాడి తీసేసిన మదర్‌బోర్డులకు కొత్త క్యాబినెట్ తొడిగి అమ్మడం బజారులో మామూలే. బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి మోడల్ నంబరు రాయమనండి, అసలు సంగతి అక్కడే బయటపడుతుంది.

మీ అవసరానికి రెండు దారులున్నాయి. మొదటిది ఏఎండీ రైజెన్ 5 5600జీ, దానికి ఏ520 లేదా బీ550 బోర్డు. రెండోది ఇంటెల్ ఐ5-12400, బడ్జెట్ బిగుసుకుంటే ఐ3-12100, దానికి హెచ్610 లేదా బీ760 బోర్డు. కోడింగ్ వరకు 5600జీ, 12400 దాదాపు సరిజోడు: రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లు. చిన్నాచితకా గేమ్‌లు ఆడే ఉద్దేశం ఉంటే 5600జీ లోపలి గ్రాఫిక్స్ మెరుగు. ముందుముందు గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే 12400 మేలు, ఎందుకంటే కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య డేటా దారి అయిన పీసీఐఈలో 5600జీ పాత 3.0 తరం దగ్గరే ఆగిపోయింది. ఏదీ తేలకపోతే ఆ రోజు ప్రాసెసర్, బోర్డు కలిపి ఏ జత చవగ్గా వస్తే అది తీసుకోండి, తప్పేమీ లేదు.

చివరి అక్షరం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఇంటెల్‌లో చివర ‘ఎఫ్’ ఉంటే (12400ఎఫ్) లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ 5000 వరుసలో ‘జీ’ లేకపోతే (ఉత్త 5600) ఉండదు. ధర కాస్త తగ్గుతుందని వాటిని తెచ్చుకుంటే, విడిగా కార్డు కొనేదాకా మానిటర్ మీద బొమ్మే రాదు.

ర్యామ్ 16 జీబీ. 8 జీబీతో ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకుంటుంది గానీ, పక్కన ఎమ్యులేటర్ (తెర మీద నకలు ఫోన్), బ్రౌజర్ కూడా తెరిస్తే మొరాయిస్తుంది. ఒకే 16 జీబీ కర్రకు బదులు 8 జీబీవి రెండు వేయండి. డీడీఆర్4-3200 ఒక్క కర్ర సెకనుకు 25.6 జీబీ డేటా ఇస్తే, రెండు కలిసి 51.2 ఇస్తాయి. ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా కంటికి తెలిసేంత ఉంటుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎగిశాయి. ఏఐ సర్వర్లకు మెమరీ మళ్ళడంతో మామూలు ర్యామ్‌కు కొరత వచ్చింది. రెండు కర్రలకు డబ్బు చాలకపోతే ఇప్పటికి ఒక్క 8 జీబీ వేసి, బోర్డులో రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోండి. తర్వాత అదే కంపెనీ, అదే మోడల్ కర్ర వెతికి జత చేయండి.

స్టోరేజీకి 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (బోర్డుకే నేరుగా గుచ్చే వేగమైన రకం). హార్డ్‌డిస్క్ మీద విండోస్ వేయకండి, మిగతా అంతా కొత్తదైనా కంప్యూటర్ ముసలిదానిలా నడుస్తుంది. ఏ520 బోర్డుకు సెకనుకు 7,000 ఎంబీ పరిగెత్తే జెన్4 (పీసీఐఈ నాలుగో తరం) ఎస్ఎస్‌డీ పెట్టినా అది జెన్3 వేగానికే, అంటే 3,500 ఎంబీ దగ్గరే ఆగుతుంది. ధర ఒకటే అయితే తీసుకోండి, ఎక్కువైతే వద్దు.

ప్ర: పాత కంప్యూటర్‌లో 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ బాగానే ఉంది. కొత్త బోర్డులో వాడుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జ: బోర్డు డీడీఆర్4ది అయితే వాడుకోవచ్చు. డీడీఆర్5కు కూడా 288 పిన్నులే ఉన్నా, కింద గాటు వేరేచోట ఉంటుంది, కూర్చోదు. నొక్కితే స్లాటు విరుగుతుంది. ఇంటెల్ హెచ్610, బీ760 బోర్డులు రెండు రకాల్లోనూ దొరుకుతాయి, పేరులో చిన్నగా ‘డీ4’ అని ఉందో లేదో చూడండి. ఏఎండీలో ఈ గొడవ లేదు: ఏఎం4 సాకెట్ (5600జీ లాంటి ప్రాసెసర్లు కూర్చునే చోటు) అంటే డీడీఆర్4, ఏఎం5 అంటే డీడీఆర్5.

ప్ర: క్యాబినెట్ కొంటే 500 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉచితం అంటున్నారు. విడిగా కొంటే మూడు రెట్లు ఖర్చు. రేడియన్ ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు పెట్టాలనుకుంటున్నాను. ఉచితంగా వచ్చేది సరిపోదా?
– చిరుద్యోగి, కర్నూలు

జ: సరిపోదు. ఎందుకో దాని మీదున్న స్టిక్కరే చెబుతుంది. పక్కకు తిప్పి పట్టిక చూడండి. +3.3, +5, +12 వోల్టులకు ఒక్కోదానికీ ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది +12 వోల్టుల లైన్ నుంచే. అక్కడ 16 ఆంపియర్లు అని ఉందనుకోండి, 12ను 16తో గుణిస్తే 192 వాట్లు. పైన పెద్దక్షరాల్లో 500 అని రాసుకున్నా మీకు పనికొచ్చేది ఆ 192 మాత్రమే. పేరున్న 450 వాట్ల యూనిట్లలో ఈ లెక్క 430 చుట్టుపక్కల తేలుతుంది.

ఇప్పుడు మీ ఖర్చు లెక్క. ఆర్ఎక్స్ 6600కు 132 వాట్లు. 5600 తరహా ప్రాసెసర్ పెట్టె మీద 65 వాట్లని ఉన్నా, బరువు పడ్డప్పుడు 88 దాకా లాగుతుంది. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకు 50 వేసుకోండి. మొత్తం 270. గ్రాఫిక్స్ కార్డు ఒక్క క్షణం అంతకు మించి గుంజే సందర్భాలుంటాయి, రేపు పెద్ద కార్డు మార్చుకోవాలని మీకే అనిపించవచ్చు. కాబట్టి 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని తెలిపే గుర్తు), 5 ఏళ్ళ వారంటీ ఉన్నది తీసుకోండి. డబ్బు తగ్గించాలంటే క్యాబినెట్ దగ్గర తగ్గించండి, రంగుల లైట్లు మానేయండి. నాసిరకం ఎస్ఎంపీఎస్ పోతే తానొక్కటే పోదు, బోర్డునూ కార్డునూ వెంట తీసుకుపోతుంది.

తీగల దగ్గర కూడా ఒక మాట. ప్రాసెసర్‌కు వెళ్ళే 4+4 ప్లగ్గు, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళే 6+2 ప్లగ్గు చూడ్డానికి కవలల్లా ఉంటాయి. మొదటి దాని మీద ‘సీపీయూ’ అనీ, రెండో దాని మీద ‘పీసీఐ-ఈ’ అనీ ఉంటుంది. తేలిగ్గా దిగకపోతే అది దాని చోటు కాదని అర్థం. తీగలు ఊడదీసుకునే రకం ఎస్ఎంపీఎస్ అయితే పాతదాని తీగలు కొత్తదానికి తగిలించవద్దు. ప్లగ్గు సరిపోయినా లోపల పిన్నుల వరస కంపెనీ కంపెనీకీ మారుతుంది, స్విచ్ వేయగానే ఎస్ఎస్‌డీ కాలిపోయే ప్రమాదం ఉంది.

ప్ర: కొత్త కంప్యూటర్ బాగానే నడుస్తోంది. కానీ చెప్పుల్లేకుండా క్యాబినెట్ వెనక స్క్రూలు ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఎస్ఎంపీఎస్ పాడైందా?
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జ: ఎస్ఎంపీఎస్ కంటే ముందు ఇంటి ఎర్తింగ్‌ను అనుమానించండి. ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ కరెంటు లోపలికి వచ్చేచోట ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. రేడియో గోలను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే బాడీ ఆ రెండింటి నడుమ వేలాడుతుంది. 230లో సగం, సుమారు 115 వోల్టులు బాడీ మీద తేలతాయి. కరెంటు చాలా స్వల్పం కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ తీగ పెట్టే తీసే సమయంలో ఆ కరెంటే పోర్టులను పాడుచేయగలదు.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మల్టీమీటర్‌తో చూపించండి. ఫేజ్-న్యూట్రల్ 230 ఉంటే ఫేజ్-ఎర్త్ కూడా దాదాపు అంతే ఉండాలి, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టులు దాటకూడదు. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడుతుంటే దోషం అక్కడే ఉండొచ్చు. ఎర్త్ రంధ్రంలోకి న్యూట్రల్ నుంచి చిన్న తీగ ముక్క వేసి ‘అయిపోయింది’ అనే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే క్యాబినెట్ మొత్తం ఫేజ్ అవుతుంది. ఎర్తింగ్ అంతా సరిగా ఉండి కూడా జివ్వుమంటే, అప్పుడు ఎస్ఎంపీఎస్, దాని పవర్ కార్డు చూపించండి.

ప్ర: ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కంప్యూటర్‌కు మళ్ళీ యూపీఎస్ కొనాలా?
– రైతు, నల్లగొండ జిల్లా

జ: ఇన్వర్టర్ ప్యూర్ సైన్‌వేవ్‌దా (లైన్ కరెంటులా నున్నటి అల), స్క్వేర్‌వేవ్‌దా (మెట్లు మెట్లుగా ఉండే అల) అన్నది మొదట చూడండి. మంచి ఎస్ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీకి (కరెంటును సవ్యంగా లాగేలా చూసే సర్క్యూట్) స్క్వేర్‌వేవ్ పడదు, బుయ్యిమని మోతైనా వస్తుంది లేదా కంప్యూటర్ ఆగిపోతుంది. సైన్‌వేవ్‌దైతే వెనక ‘యూపీఎస్ మోడ్’ స్విచ్ ఉందేమో చూసి దానిలో పెట్టండి. కరెంటు పోయాక ఎస్ఎంపీఎస్ సొంత నిల్వతో నెట్టుకొచ్చేది దాదాపు 16 మిల్లీసెకన్లే, మామూలు మోడ్‌లో ఇన్వర్టర్ అంత త్వరగా మారదు. అయినా రీస్టార్ట్ అవుతుంటే 600 వీఏ యూపీఎస్ పెట్టుకోండి. అందులో వాట్లు సాధారణంగా 360. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు, మానిటర్‌తో కలిపినా, ఎక్కువే. కార్డు ఉంటే 1000 వీఏకు వెళ్ళండి.

ప్ర: అన్నీ నేనే బిగించాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మీద ‘నో సిగ్నల్’. రైజెన్ 5 7600, బీ650 బోర్డు, 16 జీబీవి రెండు డీడీఆర్5, ఆర్‌టీఎక్స్ 4060. మూడు రోజులుగా ఇదే. ఏ భాగం పోయినట్టు?
– ఐటీఐ విద్యార్థి, అనంతపురం

జ: ఏదీ పోయి ఉండకపోవచ్చు. కొత్త భాగాల్లో చచ్చిపుట్టినవి తక్కువ, సరిగా దిగనివి ఎక్కువ. మీ బీ650 లాంటి ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌తో సర్దుబాటు చేసుకుంటుంది, దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. 32 జీబీకి ఇది కొన్ని నిమిషాలు పట్టొచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. రెండు నిమిషాలకే ఓపిక పోయి స్విచ్ ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఒకసారి ఆన్ చేసి 15 నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి.

అప్పటికీ రాకపోతే హెచ్‌డీఎంఐ తీగ ఎక్కడ గుచ్చారో చూడండి. క్యాబినెట్ వెనక పైన నిలువుగా ఉన్నవి బోర్డువి, కింద అడ్డంగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. కార్డు ఉన్నప్పుడు కార్డుకే పెట్టాలి. మీ 7600కు లోపల చిన్న గ్రాఫిక్స్ ఉండటం ఇక్కడ కలిసొచ్చింది: కార్డు ఊడదీసి, తీగ బోర్డుకు పెట్టి చూడండి. బొమ్మ వస్తే గొడవ కార్డు వైపు ఉంది. కార్డు స్లాటులో ‘టక్’ మని దిగిందా, దాని పవర్ ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్ళిందా చూసుకోవచ్చు.

బొమ్మ రాలేదంటే బోర్డు మీద కుడివైపు అంచున సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న దీపాలు ఉన్నాయేమో వెతకండి. ఏది వెలిగి ఆగిపోయిందో దోషం ఆ దిక్కునే. మీకు డ్రామ్ దీపం వెలుగుతూ ఉండవచ్చునని మా అనుమానం. రెండు కర్రలూ తీసేసి, ఒక్కదాన్ని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో (ఏ2) పెట్టండి. చివర గొళ్ళెం దానంతటదే మూసుకునేదాకా రెండు కొసలూ నొక్కాలి. కొత్తవాళ్ళు బోర్డు విరుగుతుందేమోనని భయపడి సగంలో ఆపేస్తారు, ఒక కొస దిగి రెండో కొస మిల్లీమీటరు పైకి ఉండిపోతుంది. ఒక్కదానితో వస్తే రెండోదాన్ని నాలుగో స్లాటులో (బీ2) పెట్టండి. ఒకటి, రెండు స్లాట్లలో పక్కపక్కన పెట్టకండి.

సీపీయూ దీపం వెలిగితే, బోర్డు పై మూలన ఉండే 8 పిన్నుల ప్లగ్గు మరిచిపోయారేమో చూడండి. పెద్ద 24 పిన్నుల ప్లగ్గు పెట్టగానే ఫ్యాన్లు తిరుగుతాయి కాబట్టి కరెంటంతా అందిందనిపిస్తుంది. ప్రాసెసర్‌కు కరెంటు వచ్చేది ఈ చిన్నదాని నుంచే.

ఇవన్నీ చూసినా దారికి రాకపోతే మొత్తం బయటికి తీయండి. బోర్డును దాని అట్టపెట్టె మీద పరిచి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, రెండు పవర్ ప్లగ్గులు, మానిటర్ తీగ మాత్రమే ఉంచండి. పవర్ స్విచ్ తీగ ఉండదు కాబట్టి, ‘పవర్ ఎస్‌డబ్ల్యూ’ అని రాసున్న రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుంది. ఇక్కడ బొమ్మ వచ్చి క్యాబినెట్‌లో రాలేదంటే, బోర్డు వెనక అక్కర్లేనిచోట ఒక ఇత్తడి స్టాండాఫ్ (బోర్డును ఎత్తి పట్టే స్క్రూ కాలు) మిగిలిపోయి షార్ట్ చేస్తుండవచ్చు. బోర్డుకు రంధ్రం ఉన్నచోటే స్టాండాఫ్ ఉండాలి. ఇక్కడా రాకపోతే కరెంటు తీసేసి, బోర్డు మీది నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి మళ్ళీ పెట్టండి. ఆ తర్వాత కూడా రాకపోతేనే షాపుకు వెళ్ళండి.

ప్ర: 3200 ర్యామ్ కొంటే టాస్క్ మేనేజర్‌లో 2400 చూపిస్తోంది. 1 టీబీ ఎస్ఎస్‌డీ 931 జీబీ చూపిస్తోంది. మోసపోయామా?
– కిరాణా వ్యాపారి, వరంగల్

జ: రెండింటిలోనూ మోసం లేదు. ర్యామ్ పెట్టె మీది వేగం దానంతటది రాదు. బయోస్‌లోకి (బోర్డు సొంత సెట్టింగుల తెర) వెళ్ళి ఎక్స్ఎంపీ (ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ లేదా ఎక్స్‌పో అని ఉంటుంది) ఆన్ చేయాలి. ఎస్ఎస్‌డీ కంపెనీ వెయ్యిని వెయ్యిగానే లెక్కేస్తుంది, విండోస్ 1,024గా లెక్కేస్తుంది. లక్ష కోట్ల బైట్లను 1,024తో మూడుసార్లు భాగిస్తే 931 వస్తుంది.

ప్ర: మాది రామగుండం. మే నెలలో గదిలోనే 40 డిగ్రీలు. ఏసీ లేదు. వాటర్ కూలింగ్ పెట్టాలా?
– సింగరేణి ఉద్యోగి

జ: అక్కర్లేదు. వాటర్ కూలర్ అయినా వేడిని చివరికి ఆ 40 డిగ్రీల గాలిలోకే వదలాలి. 65 వాట్ల ప్రాసెసర్‌కు మామూలు టవర్ కూలర్, క్యాబినెట్ ముందు గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి నెట్టేది ఒకటి చాలు. ముందు భాగం జాలీగా ఉన్న క్యాబినెట్ తీసుకోండి, అద్దం మూసినవి మీ ఊరికి వద్దు. 5600జీ గరిష్ఠ హద్దు 95 డిగ్రీలు, 12400ది 100. ఎండాకాలంలో బరువైన పనిలో 80, 85 చూపించినా కంగారు పడక్కర్లేదు. ఏ పనీ లేకుండానే 70 దాటితే బిగింపులో లోపం ఉన్నట్టే. ఇంటెల్ డబ్బా కూలర్‌కు నాలుగు మూలలా పిన్నులుంటాయి. ఎదురెదురు మూలలు నొక్కుతూ నాలుగూ ‘టక్’ మనిపించాలి. బోర్డు వెనక్కి తిప్పి చూస్తే నాలుగింటి కొసలూ సమానంగా బయటికి రావాలి, ఒకటి లోపలే ఉండిపోయిందంటే వేడి అక్కడి నుంచే. విడిగా కొన్న కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా చూడండి. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ నడుమ వేడి దాటించే పేస్టు బఠానీ గింజంత చాలు. డబ్బా కూలర్‌కు పేస్టు ముందే పూసి వస్తుంది, దాని మీద మళ్ళీ పూయకండి.

ఏఎం4 కూలర్ ఎప్పుడైనా తీయాల్సి వస్తే నేరుగా పైకి లాగవద్దు. పేస్టు పట్టేసి ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కాసేపు కంప్యూటర్ నడిపి వేడెక్కాక, కరెంటు తీసేసి, కూలర్‌ను అటూఇటూ మెల్లగా తిప్పుతూ విడదీయండి.

ప్ర: మా బావగారు డాలస్ నుంచి వస్తున్నారు. గ్రాఫిక్స్ కార్డు అక్కడ కొంటే లాభమా, సికింద్రాబాద్ సీటీసీలో కొంటే లాభమా?
– బ్యాంకు ఉద్యోగి, గుంటూరు

జ: కార్డుల వారంటీ చాలా కంపెనీల్లో కొన్న దేశానికే. మూడేళ్ళలో పోతే మళ్ళీ డాలస్ పంపాలి. దాంతో ధరలో తేడా తేలిపోతుంది. పార్క్ లేన్‌లోని సీటీసీలో, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, ఒకే భాగానికి మూడు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి. బిల్లు 18 శాతం జీఎస్టీతో కలిపి అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వద్దనండి. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లు మీద ఉండాలి, వారంటీకి అదే ఆధారం. ప్రాసెసర్ సీలు పెట్టెలోదే తీసుకోండి. ‘ట్రే’ సరుకుకు (పెట్టె లేకుండా విడిగా అమ్మేది) కూలర్ రాదు, వారంటీ కంపెనీది కాకుండా షాపుది అవుతుంది.

ప్ర: తెలుగులో టైపు చేయడానికి ప్రత్యేకంగా తెలుగు కీబోర్డు కొనాలా?
– విశ్రాంత పోస్టుమాస్టర్, నెల్లూరు

జ: వద్దు. విండోస్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక అమరిక) కీబోర్డూ ఉంది, ఉచ్చారణను బట్టి టైపు చేసే తెలుగు ఫొనెటిక్ కీబోర్డూ ఉంది. సెట్టింగ్స్‌లో భాష దగ్గర తెలుగు చేర్చుకుంటే, విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కినప్పుడల్లా భాష మారుతుంది. ఇన్‌స్క్రిప్ట్ కొత్తగా నేర్చుకునేవారు అక్షరాల స్టిక్కర్లు తెచ్చి మీటల మీద అంటించుకుంటే చాలు.